తక్కువ చూపించే మీటరు

బ్రెడ్డు ఫ్యాక్టరీ పని మీద ఆ ఊరు వచ్చిన రోజు సాయంత్రం ఫిట్టరమ్మ అన్నిటికంటే ముందు గ్యాస్ స్టవ్వు విప్పింది. కంపెనీ ఇచ్చిన వాటా టైర్ల షాపు మీద ఉంది. రెండు గదులు, ఓ ఇరుకు వంటిల్లు, కిటికీలోంచి చూస్తే పక్క మేడ మీద ఆరేసిన దుప్పట్లు. స్టవ్వుకి రెండు బర్నర్లుంటే ఒకటి ఏనాడో మూగబోయింది. ఆవిడ సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసి, బర్నరు ఊడదీసి, సన్నటి తీగతో చిల్లులన్నీ పొడిచి, మళ్ళీ బిగించి వెలిగించింది. నీలం మంట గుండ్రంగా, ఒద్దికగా లేచింది.

వెనకాల నిలబడి చూస్తున్న ఇద్దరు మగవాళ్ళ ముఖాలు విప్పారాయి. ఒకడు ఎలక్ట్రీషియన్. పెళ్ళయి ఏడాది తిరగలేదు, ఇంటి బెంగ అప్పుడే మొదలైంది. రెండో ఆయన గొలుసులూ కప్పీలతో బరువులెత్తే పెద్దాయన. కంపెనీ మొత్తానికి ఆయన బాబాయే.

"ఇంక భోజనానికి ఢోకా లేదక్కా," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఉంది," అంది ఫిట్టరమ్మ చేతులు తుడుచుకుంటూ. "నాకు వంట రాదు."

ఆ మాట సిగ్గుపడుతూ అనలేదావిడ. నాకు ఈత వచ్చు అన్నంత ధీమాగా అంది. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఊళ్ళకు ఊళ్ళకే రొట్టె కాల్చి పెట్టే ఓవెన్లు బిగించే మనిషికి గుడ్డు ఉడకబెట్టడం రాదంటే ఎవరు మాత్రం నమ్ముతారు? కానీ నిజం. వాళ్ళాయన వంటవాడు. బస్టాండు పక్కన చిన్న హోటలుంది ఆయనకు. పెళ్ళికి ముందే ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. "నా వంటింట్లోకి నువ్వు రాకు, నీ మెషిన్ల దగ్గరికి నేను రాను," అన్నాడాయన. ఆ ఒప్పందాన్ని ఇన్నేళ్ళూ ఇద్దరూ తు.చ. తప్పకుండా పాటించారు. ఆయన ఇప్పటికీ ఇంట్లో బల్బు మార్చడు.

వంతులు వేసుకున్నారు. ఎలక్ట్రీషియన్ వంతు వచ్చిన రోజు నూడుల్స్. బాబాయి వంతు వచ్చిన రోజు ఉడికిన గుడ్లు. ఫిట్టరమ్మ వంతు వచ్చిన రోజు ఫ్యాక్టరీలో ట్రయల్ వేసిన బ్రెడ్డు తెచ్చి బల్ల మీద పెట్టి, పని అయిపోయినట్టు చేతులు దులుపుకుంది. కొన్నాళ్ళకు బాబాయి కడుపు పట్టుకుని, "అమ్మాయ్, ఇంకో ముక్క బ్రెడ్డు తిన్నానంటే నేను కూడా పొంగుతాను," అన్నాడు.

అప్పుడు ఇంటికి ఫోన్ చేసిందావిడ.

ఫోన్ చేయడానికి బాబాయి కడుపు ఒక్కటే కారణం కాదు. ఆమధ్య వాళ్ళాయనకు గట్టి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. నాలుక్కి ఉప్పు తెలుస్తుంది, కారం తెలుస్తుంది, పులుపూ తెలుస్తుంది. వాసన మాత్రం బొత్తిగా లేదు. ఉల్లిపాయ వేగిందో మాడిందో, పాలు బాగున్నాయో విరిగాయో, కూరలో పచ్చివాసన పోయిందో లేదో ఏదీ అందదు. రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టరు ఎటూ తేల్చకుండా వదిలేశాడు. ఒకరోజు గిన్నెడు పప్పు అడుగంటితే అది తెలియక అలాగే వడ్డించాడు. రోజూ వచ్చే మనిషొకడు రెండు ముద్దలు తిని, ఒక్క మాటనకుండా చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు. తిట్టిపోసినా అంత బాధ ఉండేది కాదు. మర్నాడే హోటలు తలుపు మీద 'మరమ్మతులు' అని బోర్డు వేలాడింది. మరమ్మతు దేనికో మొగుడూ పెళ్ళాలిద్దరికే తెలుసు. ఫిట్టరమ్మ తల్లి వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆవిడకు కూడా చెప్పలేదు.

పక్క షాపు టైలరుకి హోటలు గది కూడా తీసుకుని, మధ్య గోడ తీయించి షాపు పెద్దది చేసుకోవాలని ఉంది. మంచివాడే. "తొందరేం లేదు, నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పండి," అన్నాడు. వాళ్ళాయన సరే అనేస్తాడేమోనని ఫిట్టరమ్మ గుండెల్లో రాయి పడింది. హోటలు పోతే ఆయన బతకలేడని కాదు, బతుకుతాడు. కానీ ఆయనలా బతకడు. పొద్దున్నే మొదటి పొయ్యి వెలిగించేటప్పుడు ఈల వేసే మనిషి, ఇప్పుడు టీవీ ముందు కూర్చుని అది ఆపేసి ఉందని కూడా చూసుకోవడం లేదు.

"ఏవండీ, పప్పు ఎలా చెయ్యాలి?" అని అడిగింది.

"ఎవరు చేస్తారు?" అన్నాడు.

"నేనే."

"బాబాయిగారు ఏం పాపం చేశారు?"

జ్వరం తర్వాత ఆయన వేసిన మొదటి వేళాకోళం అది. ఆవిడ ఫోన్ని ఉప్పు సీసాకి ఆనించి, స్పీకరు పెట్టి, చీర కొంగు బిగించింది.

"ఉల్లిపాయ సన్నగా తరుగు."

"తరిగాను."

"ఎంత సన్నగా?"

"చిన్న వాషరంత మందం."

"నాకు వాషర్లు తెలీవే."

"నాకు ఉల్లిపాయలు తెలీవు. ఎవరో ఒకరు సర్దుకోవాలి."

నూనె కాగింది, ఉల్లిపాయలు పడ్డాయి. ఆవిడ గరిటె పట్టుకుని మెషిను ముందు నిలబడ్డట్టు నిలబడింది. ఆయన పప్పు కడగడం గురించి ఏదో చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి ఆగాడు.

"మంట తగ్గించు. మాడుతోంది."

"లేదండీ, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి," అంది వంగి వాసన చూసి. మాడిన వాసన ఇంకా లేదు. అనుమానంతో గరిటె పెట్టి తిరగేసింది. కింద పక్క అప్పుడప్పుడే నల్లబడుతోంది.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మెషినులో తిరిగే బేరింగు పాడవుతోందో లేదో చూడాలంటే పొడుగాటి స్క్రూడ్రైవరు మొన మెషిను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినడం ఆవిడ పద్ధతి. కంట్లో పడకముందే, వేడెక్కకముందే చప్పుడు మారుతుంది. ఆ పద్ధతి మీద కంపెనీలో ఆవిడకు చాలా పేరు. అదే పని ఇప్పుడు ఇంకో ఊళ్ళో కూర్చుని ఈయన చేశాడు.

"మీకెలా తెలిసింది?"

"ఏమో. నూనె గొంతు మారింది. తడి ఉన్నంతసేపూ చిటపటలాడుతుంది. తడి పోయాక సన్నబడుతుంది. అంతే." కాస్త ఆగి అన్నాడు, "చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నట్టున్నాను. వింటున్నానని తెలీలేదు."

ఫిట్టరమ్మకు పట్టలేనంత సంతోషం వేసింది. ముక్కు పోతే పోయింది, ఈ మనిషికి చెవి ఉంది. ఇంక కావలసిందల్లా ధైర్యం. ధైర్యం ఎలా ఎక్కించాలో తనకు తెలుసనుకుంది.

ఆ సాయంత్రం పప్పు కింద మాడింది, పైన పలుకుగా ఉంది. నీళ్ళు చాలలేదు, పైగా తొందరపడి ముందే దించేసింది. ఎలక్ట్రీషియన్ తలెత్తకుండా తిన్నాడు. బాబాయి ముద్ద ముద్దకీ నీళ్ళు తాగాడు. ఆవిడ ఫోన్లో, "బ్రహ్మాండంగా ఉందండీ," అంది.

"నిజంగానా?"

"బాబాయి మళ్ళీ మళ్ళీ వడ్డించుకుంటున్నాడు." బాబాయి వడ్డించుకుంటున్నది నీళ్ళేనని ఆవిడ చెప్పలేదు.

"అవునా," అన్నాడాయన. ఎందుకో గొంతు తగ్గింది.

అప్పట్నుంచి వంతులు పోయాయి. ఫ్యాక్టరీ నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, ఫోన్ని ఉప్పు సీసాకి ఆనించి, ఆవిడ వంటకి దిగేది. ఒకరోజు బంగాళాదుంపల కూర, ఒకరోజు గుడ్ల కూర, ఒకరోజు మళ్ళీ పప్పు. వండుతున్నంతసేపూ అవతల ఆయన పాత మనిషే. "గరిటెతో పొడవకు, అది నీ ఇంజను కాదు." "మూత పెట్టు. మూత అంటే ప్లేటు కాదు, మూత." "ఇప్పుడు కదపకు, దాని మానాన దాన్ని వదిలెయ్." ఎలక్ట్రీషియన్ గుమ్మంలో కూర్చుని ఆ తిట్లు వింటూ రేడియో విన్నట్టు మురిసిపోయేవాడు. వాడికి కూరకంటే తిట్లే బాగుండేవి.

కూర దింపాక, "ఎలా ఉంది?" అని ఆయన అడిగేవాడు. "అమృతం," అనేది ఈవిడ. అంతే, ఆయన చల్లబడిపోయేవాడు. "సరే, తినండి," అని ఫోన్ పెట్టేసేవాడు.

ఇదే ఆవిడకు అంతుపట్టలేదు. ఇంత పొగుడుతుంటే మనిషి లేవడంలేదేం? మందు చాలడం లేదనుకుంది. మోతాదు పెంచింది. దుంపలు ఉడక్క పలుగురాళ్ళలా ఉన్న రోజున, "ఇలాంటి కూర నా జన్మలో తినలేదు," అంది. ఆ మాట వరకూ నిజమే. గుడ్ల కూరలో పచ్చివాసన గుప్పుమన్న రోజున, కింద టైర్ల షాపు వాళ్ళు వాసన పట్టుకుని మెట్లెక్కి వచ్చారని కల్పించింది. ఎంత పొగిడితే ఆయన అంత కుంగాడు.

ఫ్యాక్టరీలో పని మాత్రం చకచకా సాగింది. అక్కడి ఓవెను పొడవాటి సొరంగంలా ఉంటుంది. ఈ మూతిలో పిండి ముద్దలు వెళితే ఆ మూతిలోంచి బ్రెడ్లు వస్తాయి. వేడి చూపించే మీటర్లు వరసగా కొత్తవి పెట్టారు. పాత ఓవెను మీదున్న మీటరొకటి మిగిలింది. దాన్ని తీసి పారేయమన్నాడు మేనేజరు. "అది ఎప్పుడూ తక్కువే చూపిస్తుందమ్మా, దానికి మంచి చెప్పడం రాదు," అన్నాడు. ఫిట్టరమ్మ దాన్ని పరీక్ష పెట్టి చూసింది. తక్కువ చూపిస్తున్న మాట నిజమే. కానీ పొద్దున చూసినా, మధ్యాహ్నం చూసినా, మంట పెంచినా తగ్గించినా, ఉన్నదానికంటే సరిగ్గా అంతే తక్కువ చూపించింది.

"ఇది బంగారం లాంటి మీటరు," అంది మేనేజరుతో. "ఎంత తక్కువ చెబుతుందో తెలిస్తే చాలు, దీన్ని కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. మనసుని బట్టి మాట మార్చే మీటరే పనికిరాదు." అని దాన్ని తుడిచి, ఓవెను చివర బిగించింది.

నెలాఖరు వారంలో ఒక సాయంత్రం ఆయన చెప్పాడు. "శుక్రవారం టైలరు వస్తానన్నాడు. సరే అనేద్దామనుకుంటున్నాను."

"అదేంటండీ, ఇన్ని కూరలు చేయించారు, అన్నీ అంత బాగా కుదిరితే..."

"అదే కదా," అన్నాడాయన. ఫోన్ పెట్టేశాడు.

ఆవిడ ఆ 'అదే కదా' పట్టుకుని రాత్రంతా పొర్లింది. మర్నాడు గురువారం, ఓవెన్లో పూర్తి ట్రయల్. సాయంత్రం ఫోన్ వేళకి ఇంట్లో ఉండాలని ఆవిడ తొందర. "చివరి వరస బర్నర్లు చూశావా?" అని ఎలక్ట్రీషియన్ని కేకేసి అడిగింది. "సరిగ్గా ఉన్నాయక్కా," అన్నాడు వాడు. పిండి ముద్దలు వెళ్ళాయి, బ్రెడ్లు వచ్చాయి. పైకి బంగారం రంగులో మెరిసిపోతున్నాయి. ఆవిడ ఒకటి విరిచింది. లోపల తడిపిండి వేళ్ళకి అంటుకుంది. వెళ్ళి తన పాత మీటరు చూసుకుంది. ఎప్పుడూ చూపించే తక్కువకంటే ఇంకా కింద ఉంది ముల్లు.

"చూశావా, చూడలేదా?" అని అడిగింది ఎలక్ట్రీషియన్ని.

వాడు నీళ్ళు నమిలాడు. "చూశానక్కా. ఒకటి సరిగా అందుకోవడం లేదు. మీరు ఇంటికెళ్ళాలని ఆరాటపడుతున్నారు కదా, మీ మనసు బాగుంటుందని..."

"నా మనసు సంగతి నిన్నెవరడిగారు? నేనడిగింది రీడింగు. ఉన్నదున్నట్టు చెబితే ఆ బర్నరు సరిచేసుకుంటాను. నువ్వు బాగుందంటే నేనేం చెయ్యాలి? బాగున్నవాటిని విప్పుకుంటూ కూర్చోవాలి. నా కంటిని నేనే అనుమానించుకోవాలి."

వాడికి రోషం వచ్చింది. మామూలుగా ఎదురు చెప్పని పిల్లవాడు. "మరి బావగారికి రోజూ మీరు చెబుతున్నదేంటక్కా?" అన్నాడు నేల చూస్తూ.

ఫిట్టరమ్మ సాయానికి బాబాయి వైపు చూసింది. ఆయన గొలుసు చుట్ట చుట్టడం ఆపి, "వాడన్నదాంట్లో తప్పు లేదమ్మాయ్," అన్నాడు మెల్లగా. "ఆ దుంపలతో గోడ కట్టొచ్చు. చెబితే నొచ్చుకుంటావని మేమూ చెప్పలేదు."

ముగ్గురూ ఒకరి మనసు ఒకరు బాగుంచుకుంటూ ఇన్నాళ్ళూ పచ్చి కూరలు తిన్నారన్నమాట. ఇంకో రోజైతే ఆవిడ నవ్వేది. ఆ రోజు బర్నరు సరిచేసి, ట్రయల్ మళ్ళీ వేయించి, ఇంటికొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. తప్పు తనది. తప్పు తెలిశాక దాని చుట్టూ తిరిగే అలవాటు ఆవిడకు లేదు. స్టవ్వు వెలిగించకుండానే ఫోన్ చేసింది.

"ఏవండీ, మీకిన్నాళ్ళూ అబద్ధం చెప్పాను. ఒక్క కూరా బాగాలేదు."

"మొదటి రోజు పప్పు?" అన్నాడాయన.

"కింద మాడింది. పైన పలుకు."

"దుంపల కూర?"

"ఉడకలేదు."

"గుడ్ల కూర?"

"పచ్చివాసన."

"మరి అన్నీ బాగున్నాయన్నావు."

"మీకు ధైర్యం వస్తుందని."

ఇంకా ఏదైనా అంటాడని ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. "సరే, ఉంటాను," అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రం వంటింట్లో దీపం వెలగలేదు. ముగ్గురూ బ్రెడ్డు తిన్నారు. ఆయనకు మిగిలిన ఆ కాస్త ఆశనీ తన నోటితోనే ఆర్పేశానని ఆవిడ కుమిలిపోయింది. రేపు టైలరు వస్తాడు. ఆ తర్వాత చెయ్యడానికేం ఉండదు.

శుక్రవారం పని నుంచి వస్తూనే ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. తల్లికి చేసింది.

"అమ్మా, ఆయనెక్కడ?"

"ఎక్కడేమిటి, వంటింట్లో," అంది ముసలావిడ విసుగ్గా. "పొద్దుట్నుంచీ అదే వరస. ఉల్లిపాయలు తరగడం, వేయించడం, తీసి పక్కన పెట్టడం, మళ్ళీ తరగడం. బుట్ట ఖాళీ అయింది. కళ్ళు మండి ఛస్తున్నాను. ఫోనెత్తమంటే చప్పుడు చెయ్యకండి అత్తయ్యగారూ అంటాడు. నేనేం చప్పుడు చేశానే?"

ఫిట్టరమ్మ నిటారుగా కూర్చుంది. "అమ్మా, నీకో సంగతి చెప్పలేదు. ఆయనకి..."

"వాసన తెలీదు. నాకు తెలుసులే."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? నేను మోకాళ్ళకి తైలం రాసుకుంటే ఆ కంపుకి ఆమడ దూరం పరిగెత్తేవాడు. జ్వరం వచ్చి లేచాక పక్కనే కూర్చుని టీవీ చూస్తున్నాడు. మీరిద్దరూ గుసగుసలాడుకుంటుంటే సరే, నాకు తెలీదనుకోనీ అని ఊరుకున్నాను."

ఫిట్టరమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అంతలో ఇంకోటి తట్టింది. అల్లుడి వంట గురించి తన తల్లి ఇన్నేళ్ళలో ఒక్క మంచి మాట అనలేదు. ఆవిడ నోట్లో మూడే ముక్కలు. తినొచ్చు, మింగొచ్చు, ఎవరికైనా పెట్టెయ్యండి. ఆ మాటలకి ఆయన ఎన్నిసార్లు కంచం ముందునుంచి లేచిపోయాడో లెక్క లేదు.

"అమ్మా, హోటల్లో చోటు చాలక జనం బయట నిలబడి ఎదురుచూసేవాళ్ళు కదా, ఆ రోజుల్లో ఆయన వంట తిని ఏమనేదానివి?"

"ఏమంటాను, తినొచ్చు అనేదాన్ని."

"ఎప్పుడైనా మొహమాటానికి బాగుందన్నావా?"

"మొహమాటం దేనికే, తిండి దగ్గర?"

ఫిట్టరమ్మ కళ్ళ ముందు ఓవెను చివర ఉన్న పాత మీటరు మెదిలింది. ఇంత మంచి మీటరు ఇంట్లో పెట్టుకుని, తను ఇక్కడ కూర్చుని అబద్ధపు రీడింగులిచ్చింది.

"అమ్మా, ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళు. స్పీకరు పెట్టి పొయ్యి గట్టు మీద పెట్టు. నువ్వు అక్కడే స్టూలు వేసుకుని కూర్చో."

అడుగుల చప్పుడు, స్టూలు ఈడ్చిన చప్పుడు, తర్వాత ఆయన గొంతు. "టైలరు వచ్చే వేళయింది. ఏంటి చెప్పు."

"ఒక్క కూర చెయ్యండి. దుంపల కూరే. నేనిక్కడ చేస్తాను, మీరక్కడ చెయ్యండి. వాసన పని అమ్మ చూస్తుంది."

"ఎవరు?" ఆయన గొంతు గుసగుసలోకి దిగింది. "ఆవిడా? ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కనాడు..."

"అందుకే. ఒక్కనాడు కూడా మాట మార్చలేదు. ఎంత తక్కువ చెబుతుందో మనకి తెలుసు. అలాంటి మీటరు దొరకడం కష్టం."

"నేనిక్కడే ఉన్నాను, నాకు వినిపిస్తోంది," అంది ముసలావిడ.

ఆయన గరిటె గిన్నెకి తగిలిన చప్పుడు వచ్చింది. "ఆ రోజు నీ దుంపలు ఉడకలేదని నాకు వినిపించింది," అన్నాడు.

"ఏంటి?"

"ఉడికిన దుంప గరిటె తగిలితే మెత్తగా అణుగుతుంది. నీది టకటకమంది. ఉడకలేదనుకున్నాను. నువ్వేమో జన్మలో తినలేదన్నావు. పప్పు కూడా అంతే, గుడ్లూ అంతే. నా చెవి ఒకటి చెబుతుంది, నువ్వు ఇంకోటి చెబుతావు. ముక్కుతో పాటు చెవి కూడా పోయిందనుకున్నానే. ఇంకేం చూసుకుని హోటలు తెరవను?"

'అదే కదా' అంటే ఏమిటో ఆవిడకి ఇప్పుడు తెలిసింది. ధైర్యం పోస్తున్నాననుకుంటూ ఆయనకి మిగిలిన ఒక్క దారినీ తనే మూసింది. బాగున్న చెవినే అనుమానించి, విప్పుకుంటూ కూర్చునేలా చేసింది.

"నిన్న నువ్వు నిజం చెప్పాక నిద్ర పట్టలేదు," అన్నాడాయన. ఆ గొంతులో కోపం లేదు. "నా చెవి తప్పు చెప్పలేదన్నమాట. పొద్దుట్నుంచీ ఉల్లిపాయలు వేయించి వింటున్నాను. చెవి చెబుతూనే ఉంది. కానీ ఒక్కణ్ణీ దాన్ని ఎంతవరకు నమ్మను? సరే అత్తయ్యగారూ, కూర్చోండి."

రెండు ఊళ్ళలో రెండు పొయ్యిలు వెలిగాయి. ఇక్కడ ఎలక్ట్రీషియన్ దుంపలు తరిగాడు, బాబాయి కంచాలు సర్ది, ఆ కంచాల ముందే కూర్చున్నాడు. అక్కడ నూనె చిటపటలాడింది. ఫిట్టరమ్మ గరిటె చేత్తో పట్టుకుని, చెవి ఫోనుకి అప్పగించింది. ఆయన మాట్లాడటం లేదు. వింటున్నాడు. అలా వింటున్న మనిషి దగ్గర ఎలాంటి నిశ్శబ్దం ఉంటుందో ఆవిడకు తెలుసు. స్క్రూడ్రైవరు పిడి చెవికి పెట్టుకున్నప్పుడు తన చుట్టూ ఉండేది అదే.

"అత్తయ్యగారూ, కాస్త చూడండి."

"పచ్చివాసన," అంది ముసలావిడ నాలుక మీద పడిందో లేదో.

"నాకూ అనుమానంగానే ఉంది. ఇంకా తడి గొంతు పోలేదు." మళ్ళీ గరిటె తిరిగింది. కాసేపటికి, ఎవరూ ఏమీ అనకముందే, "ఇదిగో, ఇప్పుడు మారింది," అన్నాడు ఆయనే. "ఇప్పుడు చూడండి."

ముసలావిడ నమిలింది. తొందరపడే మనిషి కాదు. ఆవిడ నములుతున్నంతసేపూ ఈ ఊళ్ళో ముగ్గురూ, ఆ ఊళ్ళో ఒకడూ ఆవిడ మాట కోసమే కాచుకున్నారు.

"తినొచ్చు," అంది.

ఫిట్టరమ్మకు కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. ఇన్నేళ్ళుగా ఆ మాటకు ముఖం ముడుచుకున్న మనిషి అవతల ముక్కు ఎగబీల్చడం వినిపించింది. "ఉల్లిపాయలండీ," అన్నాడు అత్తగారితో.

"అవునవును, ఉల్లిపాయలే," అంది ఆవిడ. "ఇంకాస్త పెట్టండి."

అప్పుడే అక్కడ తలుపు చప్పుడైంది. టైలరు. "ఏమండీ, గది సంగతి ఏమనుకున్నారో కనుక్కుందామని..." అన్న మాటలు దూరంగా వినిపించాయి.

"రండి, కూర్చోండి. భోజనం చేసి వెళుదురుగాని."

"అబ్బే, భోజనం సంగతి కాదు..."

"గది నాకే కావాలండీ. సోమవారం పొయ్యి వెలిగిస్తున్నాను. ముందు కంచం ముందు కూర్చోండి."

కంచం పెట్టిన చప్పుడు. అన్నం వడ్డించిన చప్పుడు. అందులోనే సన్నగా, పళ్ళ మధ్య నుంచి, ఈల. జ్వరం రాకముందు ప్రతి పొద్దూ వినే ఈల. ఫిట్టరమ్మ రెండు చేతులూ గట్టుకి ఆనించి, కళ్ళు మూసుకుని దాన్నే వింటోంది. ఆవిడకి ఇంకేం పట్టలేదు.

ఈల ఆగింది.

"ఏమే," అన్నాడాయన అక్కణ్ణుంచి. "నీ కూర మాడుతోంది. మంట తగ్గించు."

ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. గబగబా మంట తగ్గించి, గరిటెతో కాస్త తీసి నోట్లో వేసుకుంది. ఎలక్ట్రీషియన్, బాబాయి ఆవిడ ముఖంలోకి చూశారు.

"ఎలా ఉంది?" అన్నాడాయన.

"అడుగు మాడింది. దుంప ఇంకా పలుకు మీదుంది. ఉప్పు ఎక్కువైంది."

"ఉప్పు చెవికి తెలీదు," అన్నాడు. "మిగతా రెండూ వినిపించాయి."